ఆపి ఉన్న కారులో యాభై నిమిషాలు

ఒక మంగళవారం పొద్దున రెండు వరుసల మెయిల్‌ని ఇరవై నిమిషాలు చదివాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అప్పటికే నాలుగు నెలలుగా రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. ఆదివారం సాయంత్రమైతే కడుపులో దేవినట్టుండేది. వారం సెలవు పెట్టి పడుకున్నా, తిరిగి పనిలో కూర్చున్న రెండో రోజుకే మళ్లీ అదే బరువు.

డాక్టరుగారు ముందు థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ చూపించారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఆయన సలహాతోనే ఆన్‌లైన్‌లో ఒక సైకాలజిస్టుతో మాట్లాడటం మొదలుపెట్టాను.

ఇంట్లో తలుపేసుకునే గది లేదు. కిందికి దిగి, ఆపి ఉన్న కారులో ఫోన్‌ని స్టీరింగ్‌కి ఆనించి మాట్లాడేదాన్ని. మొదటి రోజు డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం నింపించారు. 27కి 14 వచ్చింది. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనలు వస్తున్నాయా అన్నది చివరి ప్రశ్న. రావట్లేదన్నాను. ఎప్పుడైనా వస్తే వచ్చే వారం సెషన్ దాకా ఆగొద్దని, వెంటనే ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లమని చెప్పి, నా దగ్గరివాళ్ల నంబరు ఒకటి రాసుకున్నారు. ఆ జాగ్రత్త చూశాకే ఆవిడ మీద గురి కుదిరింది.

మూడో వారం, "నాకు ఏ పనీ చేతకావట్లేదండీ" అని ఏడ్చేశాను. ఆవిడ కాసేపు ఆగి బర్నవుట్ గురించి చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఐసీడీ-11 అనే జబ్బుల వర్గీకరణలో దాన్ని జబ్బుగా కాక, ఎడతెగని పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా రాశారట. లక్షణాలు మూడు: ఒంట్లో శక్తి లేకపోవడం, పని మీద విరక్తి, పనిలో సామర్థ్యం తగ్గడం. ఆ మూడోదాన్ని నేను ఇన్నాళ్లూ నా అసమర్థత అనుకున్నాను!

తర్వాత నోట్‌బుక్ పని. రాత్రి వచ్చిన మెసేజ్‌కి జవాబివ్వకపోతే ఏమవుతుందని భయపడుతున్నానో ఎడమవైపు, తెల్లారాక నిజంగా ఏమైందో కుడివైపు రాయాలి. రెండు వారాల్లో పదకొండు భయాలు రాస్తే, నిజమైంది ఒక్కటే. ఆ ఒక్కటీ అరగంటలో సర్దుకుంది.

అయితే పని తగ్గకుండా థెరపీ ఒక్కటే నన్ను నిలబెట్టేదని నేననుకోను. ఆ నోట్‌బుక్ పట్టుకునే మేనేజర్‌తో మాట్లాడాను, ఒక ప్రాజెక్టు వేరేవాళ్లకి అప్పగించారు. పన్నెండో వారానికి స్కోరు 6కి దిగింది.

మూడింటి మెలకువ ఇప్పటికీ నెలకి రెండుసార్లు వస్తుంది. లేచి, ఎడమవైపు ఒక వరుస రాసి, కుడివైపు ఖాళీగా వదిలి పడుకుంటాను.