రెండో అభిప్రాయం అడగబోయి ఇద్దరి చేత మాటపడ్డాను

మారియా థెరీసా థాలర్ (ఆస్ట్రియా రాణి మారియా థెరీసా బొమ్మ ఉన్న వెండి నాణెం) ఒకటి కొనకుండానే నిన్న సాయంత్రం వద్దనేసి వచ్చాను. మనసు తేలికగానే ఉంది కానీ ముఖం ఇంకా మండుతోంది. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నా.

మొదటి అంకం సులువు. "రెండు రోజులు పక్కన పెట్టండి, ఒకరికి చూపించి చెప్తాను" అని డీలర్‌ని అడిగాను, సరేనన్నాడు. ఇలా అడగడానికి సిగ్గుపడక్కర్లేదు, కాకపోతే గడువు మనమే చెప్పాలి, దాటకూడదు.

అక్కడే తూకం వేశాను. ఉండాల్సింది 28.07 గ్రాములు, కాటా సరిగ్గా అంతే చూపించింది. అయస్కాంతానికి అంటుకోలేదు. అంచు మీద లాటిన్ అక్షరాలు చక్కగా ఉన్నాయి. వెనకవైపు 1780. ఇంకేముంది, పండితుణ్ణయిపోయాను అనుకుని సగం డబ్బు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. ఆ తర్వాత నాలుగు ఫొటోలు తీసి, నాణేలు చూడటంలో తలపండిన ఒక పెద్దాయనకి "కొందామా వద్దా అని ఆలోచిస్తున్నానండీ, నిజమైనదేనా?" అని పంపాను. అడ్వాన్స్ సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే మొహమాటపడి నాకు నచ్చే మాటే చెప్తారేమో అని నా అతితెలివి.

ఆయన జవాబు ఇది: "తర్వాతి కాలంలో అచ్చు వేసినదిలా ఉంది. చేత్తో పట్టుకు చూస్తేగానీ తేల్చి చెప్పను." నేను చదువుకున్నది మాత్రం "నకిలీ" అని.

మర్నాడు వెళ్లి డీలర్ ముందు కూర్చుని, ఫలానా ఆయన ఇది నకిలీ అన్నారు అని పేరుతో సహా చెప్పేశాను. గొంతు కూడా కాస్త పెంచాననుకుంటా. అతను అరవలేదు. "అలాగా, ఫోన్ కలపండి, నేనూ వింటాను" అన్నాడు. కలిపాను, స్పీకర్ పెట్టాను. పక్కన ఇంకో ఇద్దరు కస్టమర్లు.

"నకిలీ అని నేనెప్పుడన్నానయ్యా?" అన్నారు పెద్దాయన. నాకు నోట మాట లేదు. అప్పుడు డీలర్ నెమ్మదిగా, "సగం అడ్వాన్స్ ఇచ్చాక వచ్చిన అనుమానం లెండి" అన్నాడు. ఫోన్‌లో కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "అడ్వాన్స్ ఇచ్చేశావా? మరి కొందామా వద్దా అని నన్నెందుకు అడిగావు?" ఆ ఇద్దరు కస్టమర్లూ గోడకేసి చూస్తున్నారు. అంత మర్యాదగా గోడకేసి చూడటం కన్నా నవ్వేసినా బాగుండేది.

పెద్దాయన అప్పుడు కోపంగానే అయినా పాఠం చెప్పారు. మారియా థెరీసా 1780 నవంబరులో పోయింది. ఆ నాణేనికి వర్తకంలో ఉన్న గిరాకీ వల్ల అదే ఏడాది అంకెతో, అదే బరువుతో, అదే 83.3 శాతం వెండితో తర్వాత కూడా కొడుతూనే ఉన్నారు. వియన్నాలోనే కాదు, 20వ శతాబ్దంలో రోమ్, లండన్, పారిస్, బొంబాయి టంకశాలల్లో కూడా. అవి నకిలీలు కావు, రీస్ట్రైకులు. అంటే నా కాటా, నా అయస్కాంతం మహా అయితే వెండి నిజమే కావచ్చని చెప్పాయి, వయసు చెప్పలేదు. ఏ కాలానిదో తెలియాలంటే రాణి భుజం మీది బ్రోచ్ ఆకారం, వెనకవైపున్న గద్ద బొమ్మ తోక ఈకలు లాంటివి చూడాలట. "నిజమైనదా, ఏ కాలానిది, ధర సరేనా... ఇవి మూడు ప్రశ్నలు. నువ్వు ఒకటి అడిగి మూడింటికీ జవాబు దొరికిందనుకున్నావు" అన్నారు.

డీలర్ ఏమీ తులసిమొక్క కాదు. "1780 థాలర్ అన్నాను గానీ 1780లో కొట్టిందని అన్నానా?" అంటాడు. ధర మాత్రం పాతదాని ధరే చెప్పాడు! అడ్వాన్స్ పూర్తిగా తిరిగిచ్చాడు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నా.

నా మాట వింటే, అభిప్రాయం చెప్పినవాళ్ల పేరు వాళ్లని అడగకుండా అమ్మేవాడి దగ్గర ఎత్తకండి, వాళ్ల మాటని బేరానికి కర్రలా వాడకండి. వాళ్లూ వాళ్లూ రేపు ఎదురుపడాల్సిన మనుషులు. ఒక డీలర్ సరుకు గురించి ఇంకో డీలర్‌ని అడగడమూ అంతే, ఏం చెప్పినా అందులో అతని వ్యాపారం కలిసే ఉంటుంది. ఫొటో పంపిన అర నిమిషంలో "ఫేక్" అని కొట్టేసేవాళ్లున్నారే, వాళ్లనైతే అసలు అడగొద్దు. ఇంకో రకం ఉంటారు, మనం అడిగిన నాణేన్ని మనకంటే ముందు వెళ్లి కొనేసేవాళ్లు. నాకు ఒకసారి జరిగింది, ఆ మనిషితో ఇప్పటికీ మాటల్లేవు. అందుకే అభిప్రాయం అడిగేటప్పుడు అమ్మేవాడెవరో చెప్పను.

రాత్రి పెద్దాయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. "కొనలేదండీ. మీ పేరు వాడినందుకు క్షమించండి" అని మెసేజ్ పెట్టాను. గంట తర్వాత జవాబొచ్చింది. "తోక ఈకలు లెక్కపెట్టావా?"

నాణెం డీలర్ దగ్గరే వదిలేశాను కదా. ఫొటో పెద్దది చేసి చూస్తున్నా, సరిగ్గా తోక దగ్గరే మసగ్గా వచ్చింది.