భీముడి గుడి దాటితే ఉడికే బురద

జావా ద్వీపం నడిమధ్యన వొనొసోబో అనే ఊరుంది. అక్కడినుంచి డియెంగ్ పీఠభూమికి 26 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. చిన్న బస్సు నిండా ఎరువుల బస్తాలు, కూరగాయల బుట్టలు, బడిపిల్లలు. ఎక్కేకొద్దీ చెవులు దిబ్బళ్లు పడ్డాయి. సుమారు 2,000 మీటర్ల ఎత్తున దిగేసరికి పళ్లు టకటకలాడాయి. భూమధ్యరేఖకు ఇంత దగ్గరున్నా జులై, ఆగస్టుల్లో ఇక్కడ మంచు గడ్డకట్టి బంగాళాదుంప మొక్కలు మాడిపోతాయట.

బస చేసిన ఇంట్లోనే స్కూటర్ అద్దెకిచ్చారు. డియెంగ్‌కి స్కూటరే సరైన బండి. ఇక్కడ అగ్నిపర్వతమంటే ఎక్కి దిగే ఒక్క శిఖరం కాదు, ఈ పీఠభూమి మొత్తం అదే. పొలాల మధ్య, రోడ్డు పక్కన, ఎక్కడపడితే అక్కడ బిలాలు. ఒక మలుపులో దుంపల చేలు, ఇంకో మలుపులో గుప్పుమని గంధకం వాసన. ఆగాలనిపించిన ప్రతిచోటా ఆగాను.

ఎక్కువసేపు ఆగింది మాత్రం గుడుల దగ్గర. జావాలో మిగిలిన రాతి కట్టడాల్లో అతి పాతవాటిలో ఈ శివాలయాలు కూడా ఉన్నాయి. వీటికి భారతంలోని పేర్లు తర్వాతి జనం పెట్టుకున్నారు. పుంతదేవుడంటే ధర్మరాజు, సెంబద్ర అంటే సుభద్ర. శ్రీకండి మన శిఖండే. కానీ జావా కథల్లో ఆమె విలువిద్య నేర్చిన స్త్రీ, అర్జునుడి భార్య! అర్జునుడి గుడికి ఎదురుగా సెమార్‌కీ ఓ చిన్న గుడి ఉంది. ఈయన మన భారతంలో లేడు. అక్కడి తోలుబొమ్మలాటలో పాండవుల పక్షాన ఉండే సేవకుడు. మన కేతిగాడిలా నవ్విస్తాడు, అయినా నిజానికి దేవుడు. నాకు చాలా నచ్చాడు.

భీముడి గుడి విడిగా ఉంటుంది. గోపురం మీది గూళ్లలోంచి రాతి ముఖాలు తొంగిచూస్తుంటాయి. అది దాటి కాస్త దూరం పోతే సికిదాంగ్ బిలం. బూడిదరంగు బురద కుతకుతా ఉడుకుతోంది. ఇది ఉడికేచోటు కాలక్రమంలో మారుతూ ఉంటుందట. భూగర్భంలోని ఆవిరిని కరెంటు తయారీకి మోసుకుపోయే లావుపాటి గొట్టాలు ఈ చుట్టుపక్కలే సాగుతాయి. రంగుల చెరువు తెలాగా వర్నా కూడా చూశాను, జనం మరీ ఎక్కువ.

మర్నాడు పడమటి వైపు బాతుర్‌కు బస్సెక్కాను. ఈ దారి పేరు వింటే ఇక్కడివాళ్లకు 1979 ఫిబ్రవరి 20 గుర్తొస్తుంది. ఆ తెల్లవారుజామున సినిలా బిలం పేలింది. ఇళ్లు వదిలి పారిపోతున్నవాళ్లకు నేల పగుళ్లలోంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఎదురైంది. 149 మంది చనిపోయారు. గంధకమైతే ముక్కు హెచ్చరిస్తుంది. ఈ వాయువుకు రంగూ వాసనా లేవు, గాలికన్నా బరువు కాబట్టి పల్లాల్లో పేరుకుంటుంది. 2011లో టింబాంగ్ బిలం ఇదే వాయువును వదిలితే ఊళ్లు ఖాళీ చేయించారు.

ఖాళీ చేసినవాళ్లు మళ్లీ వచ్చేశారు. ఎందుకని నేను బస చేసిన ఇంటావిడను అడిగితే, "ఇంత మంచి మట్టి మాకు ఇంకెక్కడుంది?" అంది. బస్సు కిటికీలోంచి చూస్తే కొండ అంచుదాకా దుంపల సాళ్లే. మీరు వెళ్తే ఆ వైపు ఏ దారి మూశారో ముందు ఊళ్లో అడగండి. గాలి కదలని తెల్లవారుజామున స్కూటర్‌తో పల్లంలోకి మాత్రం దిగకండి.