నీళ్లు 4 డిగ్రీల నుంచి 20 దాకా: ఒక ట్రౌట్ సీజన్ పద్దు

చల్లటి నదుల్లో ట్రౌట్ చేపని ఫ్లైతో, అంటే పురుగులా కనిపించేలా ఈకలు, నూలు చుట్టిన గాలంతో, పట్టే వేట పద్దు ఇది. ఇందులో తారీకులు లేవు. ప్రతి నమోదు మీదా ముఖ్యంగా చూసేవి మూడు: నీటి ఉష్ణోగ్రత, మట్టం ఎక్కుతోందా దిగుతోందా, నీరు ఎంత తేట. మంచు కరిగి పారే నది ఒకే తారీకున ఒక ఏడు అద్దంలా ఉంటుంది, మరో ఏడు ఎర్రగా పొర్లుతుంది. తారీకు రాసుకుంటే వచ్చే సీజన్‌కి పనికిరాదు, "9 డిగ్రీలు, దిగుతోంది" అని రాసుకుంటే పనికొస్తుంది. చిక్కల్లా వేటకి తీసుకెళ్లే గైడ్‌ని మాత్రం నెలల ముందే, క్యాలెండర్ చూసి బుక్ చేసుకోవాలి. అందుకే ట్రిప్‌కి వారం ముందు ఫోన్ చేసి అడగాలి: పొద్దున ఎంత, సాయంత్రం ఎంత, మట్టం ఎటు? అంకెలతో జవాబిచ్చే గైడ్ రోజూ నీళ్లలో దిగుతున్నట్టే లెక్క. "చేపలు బాగానే పడుతున్నాయండీ" అనే జవాబు ఏ నదికైనా, ఏ రోజుకైనా సరిపోతుంది.

థర్మామీటర్‌కి దారం కట్టి, పారే నీటిలో, నీడపట్టున, మోకాలి లోతున రెండు నిమిషాలు ఉంచాలి. నీళ్లలో ఉండగానే చదవాలి. ఒడ్డు పక్కన నిలవ నీటిలో ముంచితే వచ్చేది ఎండకు కాగిన గుంట అంకె, నదిది కాదు. ప్రవాహం లెక్క గేజ్ స్టేషన్లలో, అంటే నది నీటిని కొలిచే చోట్ల, క్యూసెక్కుల్లో దొరుకుతుంది (క్యూసెక్కు అంటే సెకనుకి 28.3 లీటర్లు). అక్కడ అంకె కన్నా రెండు మూడు రోజులుగా గ్రాఫ్ గీత ఎటు పోతోందన్నదే ముఖ్యం. తేటదనానికి పరికరం అక్కర్లేదు. నీళ్లలోకి నడుస్తూ బూటు ముక్కు ఏ లోతున మాయమైందో రాసుకుంటే చాలు.

సామాను: 9 అడుగుల 5 వెయిట్ రాడ్ (గాలం కర్ర), తేలే లైన్, దాని కొసకి 9 అడుగుల లీడర్ అనే సన్నదారం. 5 వెయిట్ అంటే లైన్ మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, సుమారు 9 గ్రాములు తూగుతాయని. ఈకలు, నూలు చుట్టిన ఫ్లైకి బరువే ఉండదు. గాలిలో ప్రయాణం చేసేది లైన్, ఫ్లై దాని తోక పట్టుకుని వెళ్తుంది. మామూలు గాలం అలవాటున్న చేతికి ఇదే ఎక్కదు, ఫ్లైనే విసరబోతుంది.

4–6 డిగ్రీలు. తక్కువ నీరు, నిలకడ. తేట.

చేప చల్లబడి ఉంది. వడి తక్కువున్న లోతు మడుగుల్లో అడుగున పడి ఉంటుంది, మేత కోసం అడుగు దూరం కూడా కదలదు. ఎర దాని ముక్కు ముందుకే వెళ్లాలి. ఈ నీటికి పూట ట్రిప్, అంటే నాలుగు గంటలది, చాలు. 11 నుంచి 3 దాకా అడగాలి, తెల్లవారుజామున లేవడం వృథా.

పని నింఫ్‌తో, అంటే నీటి అడుగున ఉండే పిల్లపురుగుని పోలిన, మునిగే ఫ్లైతో. 16 నుంచి 20 నంబర్ గాలాలు (నంబర్ పెరిగేకొద్దీ గాలం చిన్నది). చేప పట్టిందని చూపే బెండుకీ, అంటే తేలే ఇండికేటర్‌కీ, ఫ్లైకీ మధ్య దూరం లోతుకి ఒకటిన్నర రెట్లు: మీటరు లోతుంటే మీటరున్నర. ఫ్లైకి 15–20 సెంటీమీటర్ల పైన సీసపు గుండు, సీసం నిషేధించిన చోట తగరానిదో టంగ్‌స్టన్‌దో. లోతుకన్నా పొడుగెందుకంటే, రాళ్ల రాపిడి వల్ల అడుగు నీరు పైనీటికన్నా నెమ్మదిగా నడుస్తుంది. పైన ఇండికేటర్ ముందుకు పోతూ దారాన్ని ఏటవాలుగా లాగుతుంది.

సరిగ్గా పడిందో లేదో నురగ చూసి చెప్పొచ్చు. ఇండికేటర్ పక్కనున్న నురగ బుడగకన్నా కాస్త నెమ్మదిగా కదిలితే ఫ్లై అడుగు నీటిలో ఉంది. బుడగతో సమానంగా పోతే ఇంకా దిగలేదు. మూడు నాలుగు విసుర్లకోసారి రాయి తగలడం మంచి గుర్తు. ప్రతిసారీ తగులుకుంటుంటే ఒక గుండు తీసేయాలి. చేప పడకపోతే కొత్తవారి చేయి ముందు ఫ్లై డబ్బా మీదకి పోతుంది. మారాల్సిన క్రమం వేరు: ముందు బరువు, తర్వాత లోతు, తర్వాత నిలబడ్డ చోటు, చిట్టచివర ఫ్లై. గైడ్ పక్కనుంటే అతను ఏ ఫ్లై కట్టాడన్నది కాక, మడుగు మారినప్పుడల్లా ఇండికేటర్‌ని ఎంత జరిపాడో గమనించి రాసుకోవాలి. డబ్బిచ్చి నేర్చుకునేది అదే.

ఈ చలిలో రాడ్ రింగుల్లో మంచు కట్టి లైన్ జారదు. వేళ్లతో గీకితే రింగు లోపలి పింగాణీ పగలొచ్చు, రాడ్ కొసని నీళ్లలో ముంచి పట్టుకుంటే అదే కరుగుతుంది. ముడులు ఇంట్లోనే చేతికి రావాలి: లీడర్‌కి టిప్పెట్, అంటే ఫ్లై కట్టే చివరి సన్నదారం, కలపడానికి మూడు చుట్ల సర్జన్ ముడి, ఫ్లైకి క్లించ్. బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడి నైలాన్ రాపిడి వేడికి బలం కోల్పోతుంది. చేప తెంపుకుపోయాక మిగిలిన కొస చూడండి. పంది తోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది, తప్పు చేతిది. తిన్నగా తెగితే దారం సన్నం, లేదా రాతికి ఒరుసుకుంది.

7–10 డిగ్రీలు. నిలకడ. తేట. మబ్బు.

బేటిస్ జాతి మేఫ్లైలు అనే చిన్న నీటిపురుగులు నీటి మీదకి వస్తాయి. మబ్బు, చిరుజల్లు ఉన్న మధ్యాహ్నాలే వీటికి ఇష్టం, ఎండ కాస్తే తగ్గిపోతాయి. 18–20 నంబర్ డ్రై ఫ్లై, అంటే నీటి మీద తేలేది. టిప్పెట్ లావు ఎంచడానికి గాలం నంబర్‌ని మూడుతో భాగిస్తే చాలు: 18కి 6ఎక్స్. ఎక్స్ అంకెని 11లోంచి తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో లావు వస్తుంది: 5ఎక్స్ అంటే వెయ్యింట 6, అంటే 0.15 మిల్లీమీటర్లు.

నీటి మీద ముక్కు కనబడితే చేప పైనున్న పురుగునే తింటోంది. ముక్కు కనబడకుండా వీపు, తోక మాత్రమే వంపు తిరిగితే పైకొస్తున్న పురుగుని పైపొర కిందే పట్టేస్తోంది, అలాంటప్పుడు తేలే ఫ్లైని ఎంత బాగా విసిరినా పక్కనుంచే పోతుంది. సగం మునిగే ఎమర్జర్ కట్టాలి.

విసురు దూరం 9 నుంచి 12 మీటర్లు వస్తే చాలు. అంతకన్నా దూరం మోజే. ఇక్కడ పాడుచేసేది దూరం కాదు, ఈడ్పు. చేపకీ మనిషికీ మధ్య వేగంగా పారే నీరుంటే అది లైన్‌ని విల్లులా వంచి ఫ్లైని ఈడుస్తుంది, ఫ్లై వెనక సన్నటి చారిక వస్తుంది. వంపు రాకముందే లైన్‌ని ఎగువకి ఎత్తి వేయాలి, దాన్నే మెండ్ అంటారు. వంపు వచ్చాక చేసే మెండ్ ఫ్లైని కూడా కదిపేస్తుంది.

టిప్పెట్‌లో తెలియకుండా పడే ముడుల్ని గాలి ముడులంటారు గానీ గాలిది పాపం లేదు. ముందుకు విసిరేటప్పుడు ఒక్కసారిగా బలం పెట్టడం వల్ల రాడ్ కొస కిందకి ముంచుకుని, గాలిలో లైన్ తిరిగే మడత (లూప్) పై దారం కింది దారాన్ని దాటుతుంది. ఒక్క ముడి దారం బలాన్ని సగానికి తీసేస్తుంది. పది నిమిషాలకోసారి టిప్పెట్‌ని వేళ్ల మధ్య లాగి చూసుకోవాలి.

6–9 డిగ్రీలు. ఎక్కుతోంది. గోధుమ రంగు.

మంచు కరుగు. సీజన్లో ఎక్కువ ట్రిప్పులు దెబ్బతినేదీ ఇక్కడే, అర్థం చేసుకుంటే ఎక్కువ పనికొచ్చేదీ ఇక్కడే. వింతేమిటంటే గాలి వేడెక్కే కొద్దీ నీరు చల్లబడుతుంది, ఎందుకంటే వచ్చేది మంచు నీరు. గేజ్ గీత రంపపు పళ్లలా కనిపిస్తుంది. కొండ దగ్గర పగటి కరుగు సాయంత్రానికి పోటెక్కుతుంది, అదే పోటు కింద ఉన్న రేవుకి దూరాన్ని బట్టి అర్ధరాత్రికో మర్నాడు పొద్దునకో చేరుతుంది. అంటే "పొద్దున్నే తేట" అనే మాట కొండ కిందే చెల్లుతుంది, దిగువ రేవుల్లో పొద్దునే బురద కావచ్చు. రెండు గేజ్‌ల శిఖరాల మధ్య ఎన్ని గంటలో ఒక్కసారి లెక్కేసుకుంటే చాలు. రాత్రి గడ్డకట్టే చలి రెండు రోజులు వరసగా వస్తే పళ్లు చిన్నవవుతాయి, నీరు తేరుకుంటుంది.

బూటు 60 సెంటీమీటర్ల లోతులో కనిపిస్తే రోజు నిలబడుతుంది. ఆకుపచ్చ మసక అయితే మంచిదే, చేప ధైర్యంగా ఉంటుంది. 30 కన్నా తక్కువలో, మట్టం ఇంకా ఎక్కుతుంటే, వాయిదా అడగడమే మేలు. దిగడం మొదలైన రోజు నుంచి ఒడ్డు పట్టి వేటాడాలి. నడిమి వడి నిలబడనివ్వదు కాబట్టి చేపలు ఒడ్డు నుంచి మీటరు లోపలికి, మునిగిన పొదల వెనక్కి వచ్చేస్తాయి. నీళ్లలో దిగితే వాటి నెత్తిన కాలేసినట్టే. గడ్డి మీద నిలబడి, 6–8 నంబర్ స్టోన్‌ఫ్లై (ఒక పెద్ద నీటిపురుగు) నింఫ్‌ని 2ఎక్స్ దారంతో దగ్గరగా వేయాలి. మసకలో సన్నదారం వల్ల లాభం లేదు.

వాయిదా కుదరకపోతే ఆనకట్ట దిగువ నది ఉందేమో అడగాలి. జలాశయం అడుగు నుంచి వదిలే నీరు తేటగా, ఒకే ఉష్ణోగ్రతలో ఉంటుంది. దాని గండం వేరు, విడుదల ఎప్పుడైనా పెరుగుతుంది. నీటి అంచున ఒక పొడి రాయిని గుర్తుపెట్టుకుని, అది తడిసిందంటే మారుమాట లేకుండా ఒడ్డెక్కాలి. వేడర్ల (నీళ్లలో దిగేందుకు వేసుకునే, నీరు చొరని తొడుగు) మీద నడుము బెల్టు లేకుండా తొడ లోతుకి దిగే మనిషిని మంచి గైడ్ వెనక్కి పిలుస్తాడు. పడితే వేడర్లలోకి నీరు తోసుకురాకుండా ఆపేది ఆ బెల్టే.

పడవ ట్రిప్ అయితే ముందున్నవారు పడవకి ముందు దిగువ వైపు, 45 డిగ్రీల కోణంలో వేయాలి. వెనకవారు ముందువారి నీటిలోకి రాకూడదు. తిన్నగా పక్కకి వేస్తే రెండు క్షణాల్లో ఈడ్పు మొదలవుతుంది. గైడ్ "పదకొండు గంటలు" అంటే టైము కాదు, పడవ ముక్కు పన్నెండు అనుకుంటే ఆ దిక్కు.

12–16 డిగ్రీలు. దిగి నిలిచింది. తేట.

ఇక్కడ రాయడానికి తక్కువ, పట్టడానికి ఎక్కువ. చేపలు రాళ్ల మీద పారే మోకాలి లోతు నీటిలోకి వచ్చేస్తాయి. పైన తేలే పెద్ద ఫ్లై, దాని గాలం వంపుకి 45–60 సెంటీమీటర్ల దారంతో నింఫ్. సాయంత్రం క్యాడిస్ అనే నీటిపురుగుని పోలిన 14–16 నంబర్ ఫ్లై. రోజంతా ట్రిప్‌కి డబ్బు పెట్టాల్సింది ఈ నీటికే. ఫ్లై తేలడానికి రాసే జెల్‌ని, ఫ్లై పొడిగా ఉన్నప్పుడే రాయాలి. తడిసిన ఫ్లైకి రాస్తే నీటిని లోపలే మూసేస్తుంది, దానికి ఆరబెట్టే పొడి వేరే ఉంటుంది. బాతు తోక దగ్గరి సీడీసీ ఈకకైతే జెల్ అసలు తగలకూడదు.

17 నుంచి 20 డిగ్రీలు. తక్కువ నీరు. ఎండ.

10 డిగ్రీల నీరు లీటరుకి 11.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువుని పట్టి ఉంచగలదు, 20 డిగ్రీల నీరు 9.1 మాత్రమే. సరిగ్గా అప్పుడే చేప ఒంటికి అవసరం పెరుగుతుంది. 19 దగ్గర విసురు తగ్గించాలి, 20 చూపితే రాడ్ మడిచేయాలి. పోరాడి అలిసిన చేప ఈదుకుంటూ వెళ్లినంత మాత్రాన బతికినట్టు కాదు.

నీరు అన్నిటికన్నా చల్లగా ఉండేది తెల్లవారే వేళ, వేడిగా ఉండేది సాయంత్రం. పొద్దువాలాక గాలి హాయిగా ఉంటుంది గానీ నీటిలో పగటి వేడి అలాగే ఉంటుంది, ఎంతోమంది పొరబడేది ఇక్కడే. అమెరికాలోని మోంటానాలో నీరు వరసగా మూడు రోజులు 73 ఫారన్‌హీట్, అంటే దాదాపు 23 సెల్సియస్, తాకితే మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి దాకా వేట ఆపే ఆంక్షలు పెడతారు. సాయంత్రాన్ని కూడా కలిపి మూయడానికి కారణం అదే. ట్రిప్ పొద్దున 5 గంటలకి మొదలై 11కి ముగుస్తుందా, మధ్యలో నది మూస్తే డబ్బు సంగతేమిటి అని బుకింగ్‌లోనే తేల్చుకోవాలి.

ఈ నీటిలో దారం ఒక మెట్టు లావు కట్టి త్వరగా దగ్గరికి తేవాలి. రాడ్‌ని పైకి కాక పక్కకి వాల్చి లాగితే చేప తొందరగా తిరుగుతుంది. గాలం కొస దగ్గరి ఎదురుముల్లు నొక్కేసి ఉండాలి, వల రబ్బరుదై ఉండాలి, చేతులు తడిగా ఉండాలి. చేపని ముందుకీ వెనక్కీ ఊపకూడదు, ఎగువ వైపు ముఖం పెట్టి పట్టుకుంటే నీరే మొప్పల్లోంచి పారుతుంది.

12 నుంచి 8 డిగ్రీలకి దిగుతోంది. తక్కువ నీరు. అతి తేట.

లీడర్ 12 అడుగులకి పెంచాలి, నడక తగ్గించాలి. బ్రౌన్ ట్రౌట్ గుడ్లకి సిద్ధమవుతూ స్ట్రీమర్, అంటే చిన్న చేపని పోలిన ఫ్లై, మీద పడుతుంది. నింఫ్ అలవాటున్న చేయి రాడ్ ఎత్తేస్తుంది, ఫ్లై నోట్లోంచి వచ్చేస్తుంది. రాడ్ నీటి వైపే ఉంచి ఎడమచేత్తో లైన్‌ని గట్టిగా లాగాలి. ఇది ఒక్క రోజులో రాదు.

మడుగు తోక (దిగువ చివర) దగ్గర గులకరాళ్ల మధ్య కడిగినట్టు తెల్లగా మెరిసే కోలటి చోటు కనిపిస్తే అది గుడ్ల గూడు. దాని మీద ఉన్న చేపల్ని వదిలేయాలి, అక్కడా దాని దిగువ గుట్ట మీదా అడుగు పెట్టకూడదు. 5 డిగ్రీల నీటిలో గుడ్లు పొదగడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఈలోగా నాచు పట్టి మెరుపు పోతుంది, గుడ్లు మాత్రం అక్కడే ఉంటాయి. కనుక గూళ్లు ఎక్కడ చూశారో పద్దులో గీసుకుంటే 4 డిగ్రీల నీటిలో మళ్లీ దిగేటప్పుడు అక్కరకొస్తుంది.

నది మారేముందు బూట్లు బురద కడిగి, లోపల తడి లేకుండా ఆరాక ఇంకో 48 గంటలు ఉంచాలి. డిడిమో అనే నాచు ఒక్క చుక్క తడితో ఊరు మారుతుంది. న్యూజిలాండ్ 2008లో ఫెల్ట్ (తడి పట్టి ఉంచే ఉన్నిలాంటి గుడ్డ) అడుగుల బూట్లని నిషేధించింది అందుకే. బూట్లు ఆరేలోగా థర్మామీటర్‌ని పొడిచేసిన ఐసు, కొంచెం నీళ్లున్న గ్లాసులో అయిదు నిమిషాలు పెట్టి చూడండి. సున్నా చూపాలి. ఒకటి చూపితే పై నమోదులన్నిటిలోంచీ ఒకటి తీసేసి తిరగరాయాలి.