టో బార్ మీద సైకిళ్లు: ర్యాక్ కంటే ముందు చదవవలసిన చిన్న రేకు

కారు వెనక టో బార్‌కు, అంటే ట్రెయిలర్‌ను తగిలించి లాగే కడ్డీకి, బిగించే సైకిల్ ర్యాక్ కొనాలనుకున్నప్పుడు నేను మొదట చూసినవి ర్యాక్‌ల బొమ్మలే. ఇంట్లో నలుగురం ఉన్నాము కనుక నాలుగు సైకిళ్లు పట్టేది కావాలని, అది 60 కిలోలు మోస్తుందని పెట్టె మీద రాసి ఉంది కనుక ఇక ఆలోచించవలసినది ఏమీ లేదని అనుకున్నాను. ఆదిలోనే హంసపాదు అన్నట్టు, ఆ లెక్కే తప్పింది.

చూడవలసినది కారు వెనక, బంపర్ కింద ఉంటుంది. టో బార్‌కు బిగించిన చిన్న రేకు మీద బురద ఎండి అట్టకట్టి ఉంటే తడిగుడ్డతో తుడిచి, గొంతుకూర్చుని, ఫోను వెలుతురులో చదివాను. డి అనే అక్షరం పక్కనున్న అంకె ట్రెయిలర్‌ను లాగే బలానికి సంబంధించినది. ర్యాక్ ఎంచుకునేవారికి దానితో పెద్దగా పనిలేదు. ఎస్ పక్కన 75 అని ఉంది. టో బాల్ మీద, అంటే ఆ కడ్డీ చివరనున్న గుండు మీద, నిలువుగా పడదగిన భారం 75 కిలోలకు మించకూడదని దాని అర్థం. కార్లను బట్టి ఇది సాధారణంగా 50 నుంచి 100 కిలోల దాకా ఉంటుంది. కారుతో వచ్చిన పుస్తకంలో ఇంతకంటే తక్కువ రాసి ఉంటే ఆ తక్కువనే పాటించాలి.

ఈ 75 కిలోలలో ర్యాక్ సొంత బరువు కూడా కలిసే ఉంటుందన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. నేను మనసు పడిన ర్యాక్ బరువే 22 కిలోలు. అది పోగా మిగిలేవి 53. పెట్టె మీది 60 నిజమే కావచ్చు గాని, మా కారుకు అది చెల్లదు. మా ఇద్దరివీ ఎలక్ట్రిక్ సైకిళ్లు, ఒక్కొక్కటి 25 కిలోల పైమాటే. చివరకు 17 కిలోల బరువున్న రెండు సైకిళ్ల ర్యాక్ తీసుకుని, పిల్లల సైకిళ్లను ముందు చక్రాలు విప్పి డిక్కీలో పడుకోబెట్టాము. ఎలక్ట్రిక్ సైకిళ్ల బ్యాటరీలు తీసి కారు లోపల పెడితే ఒక్కొక్కదానికి సుమారు మూడు కిలోలు తగ్గుతుంది, ఎత్తేవారి నడుమూ బతుకుతుంది. మొత్తం బరువే కాక, ఒక్కొక్క సైకిలుకూ ర్యాక్ తయారీదారు విడిగా పరిమితి పెడతాడు కనుక దానినీ చూడాలి. బరువైన సైకిలు ఎప్పుడూ కారుకు దగ్గరగా ఉండాలి.

సైకిలును పై కడ్డీ పట్టుకుని వేలాడదీసే ర్యాక్‌లు తేలిక, మడిచి దాచడం సులువు. అయితే కడ్డీ కిందికి వంగి ఉండే సైకిళ్లను వాటికి తగిలించడం కష్టం, కార్బన్ ఫ్రేములను క్లాంపుతో నొక్కడం ప్రమాదం. చక్రాలు పళ్లెంలో నిలిచే రకమే నా ఓటు. అందులోనూ సైకిళ్లతో సహా వెనక్కు వాలే ర్యాక్ అయితేనే డిక్కీ తెరవగలుగుతాము.

చాలా ర్యాక్‌లు 50 మిల్లీమీటర్ల టో బాల్‌ను గట్టిగా నొక్కి పట్టుకుని, ఆ రాపిడితోనే నిలబడతాయి. ట్రెయిలర్ కోసం పూసిన గ్రీజు నా బాల్ మీద ఇంకా ఉందన్న సంగతి నేను పట్టించుకోలేదు. మొదటి ప్రయాణంలో ఇరవై కిలోమీటర్ల తరువాత ఆగి చూస్తే ర్యాక్ ఒక పక్కకు రెండు వేళ్ల మేర వాలి ఉంది. తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి ర్యాక్ ఎక్కించే ముందు బాల్‌ను జిడ్డు లేకుండా తుడుస్తున్నాను, కొంత దూరం వెళ్లాక ఆగి బిగువు చూస్తున్నాను.

ర్యాక్ వెనక కారు లైట్లు, నంబర్ ప్లేటు కనబడవు కనుక ర్యాక్‌కు సొంత లైట్లు, ప్లేటు పెట్టే చోటు ఉండాలి. ఆ లైట్లకు కరెంటు టో బార్ పక్కనున్న సాకెట్ నుంచి వస్తుంది. 7 పిన్నుల సాకెట్ ఉన్న కారుకు ర్యాక్ 13 పిన్నుల ప్లగ్గు అడాప్టర్‌తో కలుస్తుంది గాని, రివర్స్ లైటు వెలగదు. సైలెన్సర్ గొట్టం చక్రాల వైపు ఊదుతున్నదేమో కూడా ఒకసారి వంగి చూడాలి. వేడికి టైరు పాడవుతుంది.

మోటర్‌హోమ్, అంటే లోపలే ఉండి పడుకునే వీలున్న బండి, విషయానికి వస్తే ఎస్ అంకె ఒక్కటే చాలదు. వెనక ఇరుసు దాటి బండి చాలా దూరం పొడుచుకుని ఉంటుంది కనుక, గడ్డపారతో బండను లేపినట్టు, చివరనున్న భారం ముందు చక్రాలను పైకి లేపుతుంది. ఇరుసుల మధ్య 4 మీటర్లు, వెనక ఇరుసు నుంచి సైకిళ్ల దాకా 2.4 మీటర్లు అనుకుందాము: 70 కిలోల ర్యాక్, సైకిళ్లు కలిసి ముందు ఇరుసు మీద 42 కిలోలు తగ్గిస్తాయి, వెనక ఇరుసు మీద 112 కిలోలు పెంచుతాయి. ముందు చక్రాలతో నడిచే బండి అయితే తడిగడ్డి మీద ఆ తేడా వెంటనే తెలుస్తుంది. అందుకే మోటర్‌హోమ్‌లో వెళ్లినప్పుడు మేము నీళ్ల ట్యాంకు నింపి, సైకిళ్లు కట్టి, అందరం ఎక్కి కూర్చున్నాక వెనక ఇరుసును విడిగా కాటా వేయించాము. పరిమితికి ఇంకా 15 కిలోలే మిగిలి ఉన్నాయని తేలడంతో, వెనక అరలోని గుడారాన్నీ మడత కుర్చీలనూ అక్కడికక్కడే ముందు సీట్ల వెనక్కు మార్చి బయలుదేరాము.