మార్కర్లు నిలిపిన ఆట

హైదరాబాదు టెన్నిస్ అనగానే ఎవరికైనా సానియా మీర్జా గుర్తుకు రావడం సహజం. 2005 ఫిబ్రవరిలో ఆమె మన నగరంలోనే హైదరాబాద్ ఓపెన్ గెలిచి, మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచినప్పుడు మనమంతా పొంగిపోయాం. అయితే అంతకు ఎన్నో దశాబ్దాల ముందు నుంచే ఈ ఆట ఇక్కడ సాయంకాలపు వ్యాపకంగా వర్ధిల్లింది. దానిని అలా నిలిపినవారిలో పేరు దక్కనివారే ఎక్కువ; వారే మార్కర్లు, అంటే క్లబ్బుల్లో కోర్టులు సిద్ధం చేసి సభ్యులతో ఆడే పనివారు.

లాన్ టెన్నిస్‌కు ఇంగ్లండులో పేటెంటు లభించింది 1874లో. సికింద్రాబాద్ క్లబ్ 1878లో, నిజాం క్లబ్ 1884లో వెలిశాయి. కంటోన్మెంటు అధికారులు, నిజాం కొలువులోని పెద్ద ఉద్యోగులు ఆడుకున్న ఈ ఆట సామాన్యుల పిల్లలకు చాలాకాలం కంచె అవతలి వినోదంగానే ఉండిపోయింది.

మేము చదువుకున్న డెబ్బయ్యవ దశకంలోనూ ఆ పరిస్థితి పెద్దగా మారలేదు. 1973లో విజయ్ అమృతరాజ్ వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్స్ చేరినప్పుడు, మరుసటి ఏడాది భారత జట్టు దేశాల మధ్య జరిగే డేవిస్ కప్ ఫైనల్‌కు వెళ్లి కూడా వర్ణవివక్షకు నిరసనగా దక్షిణాఫ్రికాతో ఆడేందుకు నిరాకరించినప్పుడు, ఆ వార్తలు పత్రికల్లో చదివి బడి విడిచాక క్లబ్బు కంచె దగ్గర గుమిగూడేవాళ్లం. అక్కడ మాకు ఆట నేర్పినవారు సభ్యులు కారు, మార్కర్లు. తెల్లవారకముందే వచ్చి జల్లించిన ఎర్రమట్టి పరిచి, నీళ్లు చిలకరించి, రోలర్ లాగి, సున్నంతో గీతలు గీసి, సాయంత్రం జోడీ దొరకని సభ్యునికి తామే ఎదురు నిలిచి ఆడేవారు. వానాకాలంలో చెక్క రాకెట్లు వంకర పోకుండా చట్రాల్లో బిగించడమూ వారి పనే. వారి బ్యాక్‌హ్యాండ్‌లోని ఒడుపు చాలామంది సభ్యులకు లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. నూగు రాలిన బంతులు వారి చేతుల మీదుగానే మా గల్లీ క్రికెట్‌కు చేరేవి.

ఆ తరువాత సిమెంటు కోర్టులు, సింథటిక్ కోర్టులు వచ్చాయి. మట్టి కోర్టుకు కావలసిన రోజువారీ చాకిరీ తగ్గింది. రుసుము కట్టి నేర్చుకునే శిక్షణ కేంద్రాలు పెరిగాయి. మార్కర్లలో కొందరు శిక్షకులయ్యారు, వారి పిల్లల్లో కొందరు రాకెట్ పట్టారు. అయినా క్లబ్బుల గోడల మీద కనిపించేవి అధ్యక్షుల పేర్లే గాని వీరివి కావు. మన పూర్వ విద్యార్థుల సంఘం సంచికలోనైనా వారి ప్రస్తావన ఉండాలనే ఈ వ్యాసం రాశాను.

మన పాఠశాల మైదానంలో ఒక మట్టి కోర్టు వేయించాలని సంఘానికి నా విన్నపం. డబుల్స్ కోర్టు పొడవు 78 అడుగులు, వెడల్పు 36 అడుగులు. చుట్టూ పరుగెత్తే జాగాతో కలిపి 120 అడుగులకు 60 అడుగులు ఉంటే చాలు. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంచితే బడి వదిలాక ఆడే పిల్లల కళ్లలో ఎండ పడదు. దాని సంరక్షణకు మార్కర్‌గా పనిచేసిన అనుభవజ్ఞుణ్ణి తగిన జీతంతో నియమించాలి; అందుకయ్యే ఖర్చులో నా వంతు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.