పాకాల కట్ట మీద జాగ్రఫీ

సుస్థిర అభివృద్ధికి అమెజాన్ అడవుల ఉదాహరణ రాస్తే మార్కులైతే పడతయి. కానీ నర్సంపేట పక్కనే పాకాల చెరువును పెట్టుకుని అంత దూరం ఎందుకని ఈసారి ఇంటర్ పిల్లల్ని అక్కడికే తీసుకపోయిన. (సెల్ఫీలే ఎక్కువ దిగిన్రు, అది వేరే సంగతి.)

13వ శతాబ్దంలో, కాకతీయ రాజు గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు. చుట్టూ అభయారణ్యం, కింద ఆయకట్టు. అడవి మట్టిని పట్టి ఉంచుతది కాబట్టి చెరువులో పూడిక తక్కువ. పూడిక నిండిన చెరువుల సంగతి పిల్లలకు తెలుసు. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైనంక ఊళ్లల్ల ఆ మట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నరు గదా.

అసలు పాఠం చెప్పింది మాత్రం వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన. "యాసంగికి తూము తీస్తే రైతుకు సంబురం, మాకు గుబులు సారూ. నీళ్లు అడుగంటి కాగినయంటే చేపకు గాలి అందదు." వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతదని నేను బోర్డు మీద చెప్పేది ఇదే.

ఇగ రైతుల పిల్లలు ఒకదిక్కు, మిగతావాళ్లు ఒకదిక్కు. ఒకటే లొల్లి! "ఎండకాలానికి ఇంత లోతు ఆపాలని ముందే రాసుకుంటే అయిపాయె గదా తాతా?" అన్నది ఒకమ్మాయి.

ఆయన నవ్విండు. "రాసుకోవచ్చు బిడ్డా. పొలం ఎండుతుంటే ఆ కాయిదం ఎవలు చూస్తరు?"

వచ్చే వారం తూము చూసుకునే నీరటిని క్లాసుకు పిలుస్తున్న.