రెండు తలుపులు

మా జగిత్యాల దిక్కు గల్ఫ్ అంటే ముందు దుబాయ్ పేరే వస్తుంది. నేను వచ్చింది ఒమన్‌కు. బాతినా తీరంలో, సువైక్ దగ్గర ఒక మజ్రా, అంటే తోట. ఊళ్లో రెండెకరాలు కౌలుకిచ్చి ఇక్కడ ఇంకొకరి ఖీరా కోస్తున్నాను. ఇంటి వెనక ఇరవై గుంటలు మాత్రం మా ఇంటామె చేస్తోంది.

ఇక్కడ నా మొదటి తప్పు తలుపు దగ్గరే. గ్రీన్‌హౌస్‌కు రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తీయాలి. చేతుల్లో ట్రేలున్నాయని రెండూ కాలితో నెట్టి బార్లా వదిలేశాను. బంగ్లాదేశ్ మేస్త్రీ ఉరికొచ్చి హిందీలో కడిగేశాడు. తలుపుకు ఇంత రాద్ధాంతమా అనుకున్నా. కొన్ని వారాలకు ఆ మూలన ఆకు కదిపితే తెల్లదోమ బూడిద లేచినట్టు లేచింది. దోమ మోసుకొచ్చే వైరస్ తగిలితే ఆకు పసుపు తిరుగుతుంది, ఇక ఏ మందూ పనిచేయదు.

ఊళ్లో మేం వంగకు, టమాటకు వారానికోసారి కొట్టేవాళ్లం. పురుగు ఉందో లేదో చూసింది లేదు, షాపాయన ఏ డబ్బా ఇస్తే అదే. ఇక్కడ మందు కొట్టరని కాదు. కానీ ఖీరా కాపు మీదికొస్తే రోజు విడిచి రోజు కోయాలి. నిన్న కొట్టిన మందు రేపు ఎవరి పళ్లెంలోకో పోతుంది. అందుకే వల, తలుపు, దోమ వాలి అతుక్కునే పసుపు రంగు జిగురు అట్టలు. వల ఉంటే తేనెటీగ కూడా రాదు కదా అని నాకు అనుమానం. మన గుమ్మడికైతే ఈగ వాలాల్సిందే. ఈ ఖీరా రకం పుప్పొడి పడకుండానే కాస్తుంది.

జూన్‌లో తీగలు పీకితే వేర్లకు రుద్రాక్షల్లా బుడిపెలు. నులిపురుగు. ఎండ వేడికి అది చావాలని మట్టిని బాగా తడిపి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పరిచి, అంచులు పూడ్చి ఆరు వారాలు వదిలేస్తాం. నల్లదైతే ఇంకా కాలుతుంది కదా అన్నాను. నల్లది తనే వేడెక్కుతుంది, ఇదైతే ఎండను మట్టిలోకి దింపుతుంది అన్నాడు మేస్త్రీ. తడి లేకుంటే ఆ వేడి లోతుకు దిగదు. దిగినా జానెడు కిందున్న పురుగు బతికే ఉంటుంది, మళ్లీ ఏడాది మళ్లీ పరచాలి. ఎండాకాలం 12:30 నుంచి 3:30 వరకు బయట పని చేయించొద్దని ఇక్కడ చట్టం. ప్లాస్టిక్ పరిచిన రోజు మాకు రెండు దాటింది.

ఎండ కూడా బాగు చేయలేని సమస్య నీళ్ల దగ్గర ఉంది. తీరం వెంట బావులు అతిగా తోడి సముద్రపు నీటిని లోపలికి పిలిచారు. డ్రిప్ చుక్క పడే చోట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, గ్రీన్‌హౌస్‌ను చల్లబరిచే కూలర్ అట్టల మీదా అదే. పొద్దున్నే నా మొదటి పని వాటిని తడిమి చూడటం.

మొన్న మేలో వీడియో కాల్‌లో చెప్పి ఇంట్లో రెండు మళ్లకు ప్లాస్టిక్ వేయించాను. అమ్మ గట్టు మీద కూర్చుని, “ఏంది కొడుకా, మట్టిని ఉడకవెడుతున్నవా?” అంది.

ఇంటామె ఇంకో అడుగు ముందుకేసింది. పాత నూనె డబ్బా రేకుకు పసుపు పెయింట్ వేసి, ఆముదం పూసి కర్రకు కట్టింది. నిన్న ఫొటో పెట్టి, “ఇవి దోమలేనా? లెక్కవెట్టు” అని అడిగింది. పెద్దది చేసి చూశాను. పద్నాలుగు. ఒకటి మాత్రం దోమ కాదు, సాలీడు.